వెండెల్ కుట్టుమిషను

శనివారం పొద్దున వెండెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చిలో పాత సామాన్ల అమ్మకానికి సాయం చెయ్యడానికి భార్య మార్జీన్ పెందలాడే వెళ్లిపోయింది. ఆమె తిరిగొచ్చేలోగా గరాజులో దుప్పటి కప్పి ఉంచిన పెట్టెని నేలమాళిగలోకి దించేయాలి. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు కూర్చుని శాండ్‌విచ్ తినాలి.

పెట్టెలో ఉన్నది ఫోనోగ్రాఫు. మామూలుది కాదు. చేత్తో తిప్పే పిడి లేదు, పక్కన బ్యాటరీ తీగలు బిగించే ఇత్తడి మరలున్నాయి. అంటే ఇళ్లకి దీపాల కరెంటు రాకముందే కరెంటుతో పాడిన రకం. ఒహాయో అంతా గాలించినా ఇలాంటిది ఇంకోటి దొరకదని వెండెల్ నమ్మకం. కానీ "ఇంకొక్క పాటలపెట్టె గడప దాటిందంటే నేను మా అక్క ఇంటికి పోతా" అని మార్జీన్ ఎప్పుడో తేల్చేసింది. అందుకని మహానుభావుడు దాన్ని పాత కుట్టుమిషను అని చెప్పాడు.

గరాజులో దుప్పటి మాత్రమే ఉంది.

చర్చికి ఫోన్ చేస్తే మార్జీన్ తాపీగా, "కుట్టుమిషనేగా? నాకు ఒకటుంది కదా. అమ్మకానికి ఇచ్చేశా" అంది.

వెండెల్ ఇంట్లో తిరిగే చెప్పులతోనే కారెక్కాడు. తీరా వెళ్తే పెట్టె పక్కన ఓర్లో హబ్స్ నిలబడి ఉన్నాడు. పక్క ఊళ్లో ఉంటాడు, అతనిదీ ఇదే పిచ్చి. ఈ పిచ్చివాళ్లకో నియమం ఉంది. కావలసిన వస్తువు వంక కన్నెత్తి చూడకూడదు, చూస్తే అవతలివాడు పసిగట్టేస్తాడు. అందుకే ఓర్లో ఎంతో శ్రద్ధగా తీపి అట్లు పోసే ఒక వాఫుల్ పెనాన్ని తిరగేస్తున్నాడు. వెండెల్ చేతికందిన బౌలింగ్ బంతి, నేల మీద దొర్లించి ఆడే బరువైనది, తీసుకున్నాడు.

"ఏంటి వెండెల్, ఈ నడుంతో బౌలింగా?"

"నీకెందుకు వాఫుల్ పెనం? షుగరు కదా నీకు."

"చూస్తే తప్పేముందిలే. అదేంటో, ఏదో పాత మిషనులా ఉంది. పాడైపోయింది పాపం."

"దండగ. ఇంట్లో పెట్టుకుంటే ఎలకలు చేరతాయి."

అలా దాన్ని తిట్టుకుంటూనే ఇద్దరూ దాని దగ్గరికి జరుగుతున్నారు. అంతలో పాస్టరుగారి భార్య డార్లీన్ ఇనుప పీచు, పాలిష్ డబ్బా పట్టుకుని వచ్చింది. "ఎంత మురికి పట్టిందో చూడండి. రుద్ది తళతళలాడిస్తా."

నూరేళ్లు దాటిన పూత. దానికి పీచు తగిలిందా, ఇక అది చెత్తబుట్ట సామాను. వెండెల్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ముట్టుకోకండి!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. బంతి జారి ఓర్లో కాలి మీద పడింది.

"అది ఫోనోగ్రాఫు. నాది. మా ఆవిడకి అబద్ధం చెప్పి తెచ్చుకున్నా" అన్నాడు వెండెల్, హాలంతా వినపడేలా.

"నీదెలా అవుతుంది? పొద్దున్నే మార్జీన్ కొనేసిందిగా" అంది డార్లీన్. "ఇక్కడ సాయం చేసేవాళ్లు అమ్మకం మొదలవకముందే కొనుక్కోవచ్చు. ఈ పీచు కూడా తనే ఇచ్చింది. నువ్వొచ్చాకే మొదలుపెట్టమంది."

కాఫీ బల్ల వెనక నుంచి మార్జీన్ నవ్వు ఆపుకుంటూ వచ్చింది. "పెళ్లయ్యాక ఒక్కనాడైనా నా కుట్టుమిషను వంక చూశావా నువ్వు? దీనికి మాత్రం రోజూ దుప్పటి సర్దుతుండేవాడివి. నాకు తెలీదనుకున్నావా?"

"ఇంట్లో ఉంచుతావా మరి?" అన్నాడు వెండెల్, కాళ్లకున్న ఇంటి చెప్పుల వంక చూసుకుంటూ. అది చూసి మార్జీన్‌కి జాలేసింది, కానీ బయటపడలేదు.

"ఉంచుతా. కుట్టుమిషను కదా, నా కుట్టుగదిలో ఉంటుంది. ఆ గదిలోకి కుట్టేవాళ్లే రావాలి."

వెండెల్ కుట్టిన దిండు గలీబులు ఇప్పుడు చర్చి అమ్మకంలో దొరుకుతున్నాయి.