రాయుడి క్యారమ్స్ గది పోయిన విధంబు

మనిషికి తెలివి లేకపోతే అతనొక్కడికే బాధ. ఉందనుకుంటే ఇంటిల్లిపాదికీ బాధ. మన ఉపాయాలరాయుడిది ఈ రెండో రకం.

అది అమ్మా నాన్నా పెట్టిన పేరు కాదులెండి. పాలు పొంగకుండా గిన్నె మీద తడిగుడ్డ కప్పి, పాలతోపాటు గుడ్డను కూడా చక్కగా మరగబెట్టిన రోజున పెళ్లాం పెట్టిన పేరు. అసలు పేరు ఇప్పుడు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు.

రాయుడు రంగుల దుకాణంలో రంగులు కలుపుతాడు. ఏ గోడకి ఏ రంగు నప్పుతుందో చిటికెలో చెబుతాడు. తన మొహంలో ఏ రంగు ఎప్పుడు మారిందో మాత్రం ఆవిడే చెప్పాలి.

ఆవిడ లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. కొత్తగా కట్టిన మేడల్లో లిఫ్టులు ఎక్కి దిగి, తలుపులు మూసి తెరిచి, మీటలన్నీ నొక్కి చూసి, "ఇందులో మనుషులు భయం లేకుండా ఎక్కవచ్చు" అని సంతకం పెట్టే ఉద్యోగం. మొగుడి మీద ఇంతవరకు అలాంటి సంతకం పెట్టలేదు.

వీళ్లకి ఎనిమిది నెలల కూతురు. చూడ్డానికి గుప్పెడు. గొంతెత్తిందంటే వీధిలో ఆగివున్న కార్లు వాటంతటవే కూతలు పెట్టేవి.

ఒకనాడు ఆవిడ పెట్టె సర్దుకుంటూ, "నాలుగు రోజులు ఊరికెళ్లాలి. ఇరవై అంతస్తుల మేడ, ఆరు లిఫ్టులు. ఇకనుంచి నెలకోసారి ఇలాగే ఉంటుంది. అమ్మని రమ్మంటాను" అంది.

"ఎందుకూ?"

"పిల్లని చూసుకోవడానికి."

"ఇంట్లో నేను లేనూ?"

"అందుకే రమ్మంటున్నాను."

ఆ అమ్మగారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడికి పోతుందో ముప్పై ఏళ్లపాటు చెప్పి, చెప్పి, ఉద్యోగం మానినా గొంతు మానని మనిషి. ఆవిడ ఇంట్లో కూర్చుని మంచినీళ్లు అడిగితే, పక్కవీధిలో జనం సామాన్లు సర్దుకునేవారు. తల్లీకూతుళ్లది ఒకటే గొంతు. కూతురిది కాస్త తగ్గించి పెట్టిన గొంతు, అంతే.

"ఎన్నాళ్లు ఉంటారేమిటి?" అన్నాడు రాయుడు.

"ఏడాది. చిన్నగది ఖాళీ చెయ్యండి."

రాయుడు చిన్నగది గుమ్మానికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. ఆ చిన్నగదిలో ఒక క్యారమ్స్ బోర్డు, నాలుగు స్టూళ్లు, ఆదివారం వస్తే నలుగురు మగవాళ్లు. ఇల్లంతా ఆవిడ రాజ్యమైతే ఆ గది ఒక్కటే రాయుడి స్వతంత్ర దేశం. జనాభా నాలుగు.

"నాలుగు రోజులూ నేనొక్కణ్నే చూసుకుంటే?" అన్నాడు.

"ఎవరి సాయమూ లేకుండా?"

"ఈగ సాయం కూడా లేకుండా!"

"సరే. చూసుకుంటే గది మీది. మధ్యలో మా అమ్మని పిలిచారో, ఏడాది ఉంటుంది. గోడలకి ఏ రంగు కావాలో అమ్మ చెబుతుంది, వేసేది మీరు."

"ఓ, రంగులదేముంది! ఎనిమిది నెలల పిల్లని చూసుకోవడం కూడా ఒక పనా?"

ఆ మాట అన్నవాళ్లెవరూ బాగుపడిన దాఖలాలు లేవు. పోనీ, కుర్రతనం.

వాకిట్లో చెప్పులేసుకుంటున్న ఆవిణ్ని చివరగా ఒకటి అడిగాడు. "అన్నట్టు, దీన్ని పగలు ఎలా నిద్రపుచ్చుతావు?"

"నేనేం చెయ్యనండీ. భుజాన వేసుకుని నా పని నేను చేసుకుంటాను. అదే పడుకుంటుంది."

అంటున్నప్పుడు ఆవిడ పెదవి చివర చిన్న నవ్వొకటి కదిలింది. రాయుడు చూడలేదు. చూసివుంటే ఈ కథ మీదాకా వచ్చేది కాదు.

*

మొదటి రోజు పొద్దున క్యారెట్టు ఉడికించి, మెత్తగా మెదిపి పెట్టాడు. పిల్ల ఒక చెంచాడు నోట్లో పెట్టుకుని, రుచి చూసి, ఆలోచించి, గోడకి కొట్టింది. రంగుల మనిషి కదా, కోపం మాట మరిచి కాసేపు ఆ గోడ వంకే చూశాడు. అలాంటి రంగు వాళ్ల దుకాణం చార్టులో లేదు.

ఇంతవరకు ఫరవాలేదు. మధ్యాహ్నం మొదలైంది అసలు సంగతి.

భుజాన వేసుకున్నాడు. తన పని తాను చేసుకోబోయాడు. ఇంట్లో తనకంటూ ఒక పని ఉంటే కదా! ఊరికే అటూ ఇటూ తిరిగాడు. పిల్ల గుడ్లగూబలా చూస్తోంది. పాట ఎత్తుకున్నాడు. తప్పులతడక అర్జీని చూసే ఆఫీసరులాగ పిల్ల ఒకసారి ముక్కు చిట్లించి, నోరు తెరిచింది. ఆ తెరిచిన నోరు రెండు గంటలు మూయలేదు.

రాయుడికి ఉపాయం తట్టింది. ఆవిడ సైటు మీద పెట్టుకునే పాత పసుపు హెల్మెట్టు పెట్టుకుని, ఆవిడ కోటు తొడుక్కుని, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. పిల్ల ఠక్కున ఏడుపు ఆపింది. కిందనుంచి పైదాకా చూసి పకపకా నవ్వింది. తరవాత, వేషం తీసెయ్యమని కాబోలు, ముందుకన్నా రెండింతలు ఏడ్చింది.

రెండో రోజు మధ్యాహ్నానికి రాయుడు నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాడు. పిల్ల మాత్రం ఏ భంగిమలోనూ నేర్చుకోలేదు. అప్పుడు ఆవిడ వీడియో కాల్ చేసింది.

"ఏమండీ, పిల్లేదీ? అయ్యో, కళ్లు చూడు ఎలా పీక్కుపోయాయో!"

"దానివా?"

"మీవి! వెనకాల మంచం మీద ఏమిటది? తడి తువ్వాలేనా? ఎన్నిసార్లు చెప్పానండీ? పెళ్లయి ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లలో ఒక్కరోజు, పోనీ పొరపాటునన్నా, తువ్వాలు దండెం మీద పడిందా? మీ చేతికీ దండేనికీ ఏమిటా పగ?"

రాయుడు అలవాటు ప్రకారం తలదించాడు. దించి చూస్తే నోరు తెరుచుకుపోయింది. భుజం మీద పిల్ల! బుగ్గ ఆనించి, పెదవులు విడిచి, హాయిగా గురక పెడుతోంది.

అప్పుడు వెలిగింది. ఈ ఇంట్లో పుట్టిననాటినుంచీ పిల్ల వింటున్న జోల ఒకటే. తల్లి భుజాన వేసుకుని చేసుకునే "తన పని" ఒకటే. తండ్రిని తిట్టడం!

*

ఇక ఉపాయాలకేం కొదవ? ఆ సాయంత్రం తనే ఫోను చేసి, మాటల్ని రికార్డు చేసే మీట నొక్కి, వినయంగా అన్నాడు: "ఏమే, నీ పనిముట్ల పెట్టెలో పెద్ద స్క్రూడ్రైవరుంది చూడు. దాంతో రంగు కలిపాను."

పదకొండు నిమిషాలు! ఒక్క మాట రెండోసారి రాకుండా, ఎక్కడా ఊపిరి కోసం ఆగకుండా! రాయుడు కళ్లు మూసుకుని తల పంకిస్తూ, మధ్యమధ్య "భలే" అనబోయి "అబ్బే" అని సర్దుకున్నాడు.

మూడో రోజు పొద్దున ఆ పదకొండు నిమిషాలూ వినిపించాడు. పిల్ల నాలుగో నిమిషంలో నిద్రపోయింది. రాయుడు క్యారమ్స్ బోర్డు మీద పౌడరు చల్లి, ఒంటరిగా రెండు ఆటలు ఆడి, రెండూ గెలిచాడు.

మధ్యాహ్నం మళ్లీ అదే పెట్టాడు. పిల్ల తలెత్తింది. ఫోను వైపు చూసింది. "నిన్నటి తిట్లు నాకెందుకు?" అన్నట్టు ఒక్క తోపు తోసింది. తల్లి తెలివి వచ్చింది, ఏం చేస్తాం.

తాజా తిట్లు కావాలి. తాజా తిట్లు కావాలంటే తాజా తప్పులుండాలి. రాయుడు మళ్లీ ఆవిడకి ఫోను కలిపి పాత మూటలు విప్పాడు.

"నీ నీలం కప్పు పక్కింటి పిల్లి పగలగొట్టలేదు. నేనే."

పిల్ల కళ్లు సగం మూతపడ్డాయి.

"నీ పుట్టినరోజున దుకాణంలో పని ఎక్కువైందన్నానే, ఆరోజు క్యారమ్స్ ఆడాను."

ముప్పాతిక.

"మీ అమ్మగారు ఫోను చేసినప్పుడల్లా స్నానం చేస్తున్నానని చెప్పమంటానే, ఆ స్నానాలన్నీ అబద్ధం."

"ఓరి నాయనో! రోజుకి మూడు స్నానాలేమిటని, మీకేదో చర్మరోగం ఉందనుకుని, పాపం మా అమ్మ మందు కూడా కొనిపెట్టిందండీ!"

ఆ తరవాత వచ్చిన వాటికి పిల్ల సాయంత్రందాకా లేవలేదు.

నాలుగో రోజు. సాయంత్రం ఆరింటికి ఆవిడ వచ్చేస్తుంది. అప్పటిదాకా ఈదితే గది దక్కినట్టే. కాని పొద్దున్నే తప్పులు అయిపోయాయి. ఎనిమిదేళ్ల సంసారంలో తాను చేసినవి ఇంతేనా అని రాయుడికి కాస్త చిన్నతనం కూడా వేసింది. చెయ్యని తప్పు ఒకటి కల్పించి ఫోను చేశాడు.

"కిటికీలో నీ మొక్కకి పొరపాటున వేడినీళ్లు పోశాను. వాడిపోయింది."

"అది ప్లాస్టిక్ మొక్కండీ" అంది ఆవిడ చల్లగా. "సరే, ఇవాళ పగలంతా లిఫ్టుల్లో ఉంటాను. ఫోను అందదు."

అందలేదు కూడా. పన్నెండింటికి మొదలైన ఏడుపు ఒంటిగంటన్నరకి ఆకాశం అంటింది. రాయుడు పిల్లని ఎత్తుకుని కింది అంతస్తుకి పరుగెత్తి టైలరమ్మ తలుపు కొట్టాడు.

"అక్కగారూ, ఒక్క ఉపకారం. నన్ను కాస్త తిట్టండి."

టైలరమ్మ మెడలో టేపు సర్దుకుంది. తలుపు సగమే తెరిచి, పైకి రాబోయిన నవ్వు మింగి, "అయ్యో తమ్ముడూ, ఏమని?" అంది.

"మీ ఇష్టం. ధారాళంగా ఉండాలి."

"నువ్వు... నువ్వు అంత మంచివాడివి కావు."

పిల్ల ఏడుపు ఇంకో మెట్టు ఎక్కింది.

"నాకు మా ఆయన్ని తిట్టే అలవాటే గాని, పరాయి మగవాళ్లని తిట్టి ఎరగను తమ్ముడూ" అని తలుపు వేసేసుకుంది.

కావలసింది తిట్టొక్కటే కాదని రాయుడికి అప్పుడు తెలిసింది. గొంతు కావాలి. ఆ గొంతు లోకంలో రెండే ఉన్నాయి. ఒకటి లిఫ్టులో ఉంది. రెండోదానికి ఫోను కొట్టాడు.

"స్నానం అయిందా నాయనా?" అంది అత్తగారు.

"అత్తయ్యగారూ, మీరు... ఒక్కసారి..."

"పిల్లని చూసుకోవడానికి రమ్మంటావా?"

"అబ్బే, కాదండీ! పిల్లని నేనే చూసుకుంటున్నాను. నన్ను తిట్టడానికి."

ముప్పై ఏళ్ల మైకు మూగబోవడం అదే మొదటిసారి. ఆ తరవాత ఆవిడ ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "ఎనిమిదేళ్లయింది నాయనా ఈ మాట కోసం ఎదురుచూడబట్టి. ఫోనులో వద్దు. మనిషి ఎదురుగా లేకపోతే నాకు మాట రాదు."

ఆవిడ ఇల్లు గంటన్నర దూరం. ఆరు నిమిషాల్లో రెండు పెట్టెలతో గుమ్మంలో నిలబడింది. ఆ తేడా చూసి అనుమానపడే ఓపిక రాయుడి దగ్గర లేదు.

మనవరాల్ని భుజాన వేసుకుంది. గొంతు సవరించింది.

"దయచేసి గమనించండి. తడి తువ్వాలు మంచం మీద పడేసే అల్లుడుగారు ఎక్కడున్నా వెంటనే దండెం వద్దకు రావలెను. నీలం కప్పు పగలగొట్టి పిల్లి మీద పెట్టిన అల్లుడుగారి బుద్ధి నాలుగేళ్లు ఆలస్యంగా నడుచుచున్నది. దొంగస్నానముల అల్లుడుగారికి ఇదే ఆఖరి పిలుపు..."

మూడో ప్రకటనకి పిల్ల పడుకుంది. నాలుగో ప్రకటనకి అల్లుడు పడుకున్నాడు.

*

లేచేసరికి ఆరున్నర. ఎదురుగా ఇన్‌స్పెక్టరమ్మ, ఒడిలో నవ్వుతున్న పిల్ల. చిన్నగదిలో క్యారమ్స్ బోర్డు గోడకి చేరగిలబడింది. స్టూళ్ల మీద పెట్టెలున్నాయి.

"నేను ఓడలేదు" అన్నాడు రాయుడు, కళ్లు నులుముకుంటూ. "పందెం పిల్లని చూసుకోవడం గురించి. నేను పిలిచింది నన్ను తిట్టడానికి. రెండూ వేరు."

"పందెంలో నేనన్నది 'మా అమ్మని పిలిస్తే' అనండీ. ఎందుకని అడగనేలేదు."

రాయుడు స్టూళ్ల మీది పెట్టెల వంక చూశాడు. కాసేపటికి ఒక అనుమానం తగిలింది. "నీలం కప్పు సంగతి మీ అమ్మకెలా తెలుసు?"

"ఈ నాలుగు రోజులూ కింద టైలరమ్మ ఇంట్లోనే ఉన్నాను నాయనా" అంది అత్తగారు. "పిల్లని నీకొక్కడికి వదిలేసి పోవడానికి నా కూతురికి మతి లేదా? దాని ఏడుపు హద్దు దాటితే పైకి వచ్చేద్దామనే కూర్చున్నాను. నువ్వు ఫోను అంత గట్టిగా పెట్టి ఒప్పుకుంటుంటే, వినక చస్తామా?"

"మరి నువ్వు? ఫోను అందదన్నావు!" అని పెళ్లాం మీదికి తిరిగాడు.

"లిఫ్టు ఆగిపోతే లోపలున్నవాళ్లు ఎవర్నైనా పిలవాలా వద్దా? లిఫ్టులో ఫోను పలుకుతోందా లేదా చూడటమే కదండీ నా ఉద్యోగం. ఆరు లిఫ్టుల్లోనూ బ్రహ్మాండంగా పలికింది. నా ఫోను మాత్రం నేనే కట్టేసుకున్నాను."

ఆ వారంలోనే చిన్నగదికి రంగు పడింది. అత్తగారు ఏ రంగు అడిగిందో ఊహించారా? మొదటి రోజు గోడకి పడిన ఆ క్యారెట్టు రంగు. చార్టులో లేని ఆ రంగు కలపడానికి రాయుడికి మూడు రోజులు పట్టింది. పెద్ద స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆదివారం ఆటకి ఆ మగవాళ్లెవరూ రావడం లేదు. బోర్డు మాత్రం నేల మీద పరిచి ఉంటుంది, పిల్ల కూర్చోవడానికి. మొన్నొక మధ్యాహ్నం దాన్ని నిద్రపుచ్చుదామని రాయుడు పక్కన చేరాడు. పిల్ల బోర్డు నడిమధ్యన కూర్చుని, వాళ్లమ్మలాగే ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, రెండో చేత్తో వేలు చూపిస్తూ, "బబ్బబ్బా! బబ్బ! బాబ్బబ్బబ్బా!" అని అదేపనిగా అందుకుంది. అదే గొంతు. మూడోది.

ఎంతసేపు తిట్టిందో చెప్పడానికి సాక్షులు లేరు. రాయుడు రెండో నిమిషంలోనే నిద్రపోయాడు.