ముందుపంటి చిగురుకి అతుకు

మనిషి జన్మ ఎత్తాక ఒక్కసారైనా అంగిట్లో చర్మం కోయించుకుని, ముందుపంటి చిగురుకి అతుకు వేయించుకోవాలి. నా మాట నమ్మండి. ఇంత సుఖం మరెందులోనూ లేదు.

పోయిన శీతాకాలం ఐస్ హాకీ ఫైనల్లో గోల్‌కీపర్‌గా ఆఖరి గోల్ ఆపబోతే పక్, అదే ఆ గట్టి రబ్బరు బిళ్ల, వచ్చి నా మొహానికే తగిలింది. గోల్ కాలేదు. మాస్కు లోపలికి నొక్కుకుపోయి ముందుపన్ను ఒకటి రాలింది. దాని చోట ఎముకలోకి లోహపు మర దించి ఇంప్లాంట్ పన్ను బిగించారు. అది రాయిలా నిలబడింది. కానీ పైన చిగురు పలచబడి, లోపలి లోహం బూడిదరంగు నీడలా కనబడసాగింది.

"నమలడానికి ఏ లోటూ లేదు," అన్నాడు మా కెనడాలోని సాస్కటూన్‌ పట్నంలో పళ్ల డాక్టర్ లెమీ. "నవ్వితే కనబడే చోటు కదమ్మా, అందుకని ఈ అతుకు. వెనకపన్నయితే వదిలేసేవాణ్ణి."

విన్నారా? జీవితమంతా నమిలి చచ్చేది వెనకపళ్లు. కొత్తబట్ట మాత్రం ముందుపంటికి!

కుట్లు వేశాక ఆయన చెప్పిన నియమాలు వింటే మీకూ ఆనందంతో కళ్లు చెమరుస్తాయి. నవ్వకూడదు. ఎక్కువ మాట్లాడకూడదు. పెదవి ఎత్తి ఎవరికీ చూపించకూడదు. బుద్ధెరిగినప్పటినుంచి నేను దేవుణ్ణి అడుగుతున్న వరాలు ఇవే కదా? క్లాసులో టీచరు నన్ను లేపి చదవమనలేదు. చర్చి భోజనాల్లో "ఏమ్మా, కాస్త నవ్వితే ఏం పోయింది?" అనే పెద్దమ్మలకి పెదవి మీద వేలు పెట్టి చూపించాను. పాపం వాళ్లే బంగాళదుంపలు మెత్తగా నలిపి, చల్లార్చి తెచ్చి ముందు పెట్టారు.

ఈ వైభోగంలో ఉండగా, మేం మంచు మీద ఆడే రింక్ గోడకి పెట్టే జట్టు ఫోటోల సమయం వచ్చింది. మా ఊళ్లో ఒకసారి ఆ గోడెక్కితే చచ్చాక కూడా దిగరు. నాకు ఫోటో అంటే భయమే. అయినా ఆ గోడ మీద ఉండాలని చిన్నప్పటినుంచీ ఆశ.

మా మేనేజరు మార్నా అత్త నా మొహం చూసి నిట్టూర్చింది.

"ఇలా వద్దు తల్లీ. వాపు తగ్గి, చిగురు రంగు కలిశాక తీయిద్దాం. ఆడపిల్లవి, ఆ ఫోటో ఎప్పటికీ ఉండిపోతుంది."

అని, అక్కడే నిలబడి ఫోటోగ్రాఫరుకి ఫోన్ చేసింది. "ముందు మగాళ్ల జట్టుది తీసెయ్. ఈ వారమే రావాలి. కెప్టెన్ డార్సీకి రెండు పళ్లు ఊడాయి. పెట్టుడుపళ్లు వచ్చేస్తే ఆ అందం పోతుందయ్యా."

డార్సీ పళ్లు ఆటలో పోలేదు. రింక్ బయట కార్ల దగ్గర జారిపడ్డాడు. చేతిలో బీరుపెట్టె వదలడం ఇష్టంలేక మొహాన్నే నేలకి ఆనించాడు. పెట్టె చెక్కుచెదరలేదు.

"నీదైతే బాగుచేయిస్తున్నారే," అని ఏడ్చాడు నా దగ్గర. "నన్నేమో ఇలాగే ఉండమంటున్నారు. మొక్కజొన్నపొత్తు కొరికి ఎన్నాళ్లయిందో."

మా ఫోటో నా చిగురు పూర్తిగా మానాక తీశారు. నవ్వమన్నారు, నవ్వాను. ఇప్పుడు రెండు ఫోటోలూ పక్కపక్కనే వేలాడుతున్నాయి. వచ్చినవాళ్లు డార్సీ పళ్లసందు ముందు ఆగి, పిల్లల్ని ఎత్తుకుని మరీ చూపిస్తారు. "చూశావా, ఆటంటే అదీ." తర్వాత నా వైపు తిరిగి, "ఈ పిల్ల నవ్వు చక్కగా ఉంది," అని వెళ్లిపోతారు.

డాక్టర్ లెమీ పనితనానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. నేను గోల్ ఆపిన ఆనవాలు మచ్చుకైనా మిగల్లేదు.