యజ్ఞనారాయణగారి నల్లపొడి

ఆ ఉదయం యజ్ఞనారాయణగారు పెట్టుకున్నది చిన్న పనే. కాఫీ తాగి, కెనడాలో తాముంటున్న కనాటా ఊళ్ళోనే ఉన్న వాసంతి ల్యాబ్‌కి వెళ్ళి ఓ మాటసాయం చేసి రావడం. ఒకప్పుడు దూరాన రెజైనా యూనివర్సిటీలో ఆమె ఆయన శిష్యురాలు. రాగి, జింకు, తగరం, గంధకం కలిపి సోలార్ సెల్‌కి పూతగా వేసే నల్లటి సెమీకండక్టర్ పొడి చేయడం ఆయన దగ్గరే నేర్చుకుంది. "ఈమధ్య మా పొడి సరిగ్గా కుదరట్లేదు సార్, ఒకసారి రండి" అని ఫోన్ చేసింది. రిటైరయ్యాక ఆయన్ని ఎవరైనా 'రండి' అనడం అదే మొదలు.

బయల్దేరుతూ ఏదో పాత పుస్తకం కోసం అల్మరాలో చెయ్యి పెడితే, వెనకాల ఓ సీసా తగిలింది. నిండా నల్లటి పొడి. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూశారు. తాను చివరిసారి చేసిన పొడే! గడగడలాడే గ్రైండింగ్ మిల్లు, ఎంత ఉతికినా గంధకం కంపు వదలని కోటు, కిటికీ అవతల మంచు, ఇవతల పిల్లల నవ్వులు... అన్నీ కళ్ళముందు తిరిగాయి. సీసాని మఫ్లర్‌లో చుట్టి పసిపిల్లలా ఎత్తుకెళ్ళారు.

"పొడంటే ఇలా ఉండాలమ్మా! పాతది కదా, ముందు తేమ పోనీ. ఫర్నేస్‌లో పెట్టు."

మాస్కు వేసుకున్న వాసంతి అలాగే పెట్టింది. గంధకంతో ఏళ్ళ తరబడి కాపురం చేసిన ఆయన ముక్కుకి వాసనలు ఎప్పుడో దూరమయ్యాయి.

కాసేపటికి ల్యాబంతా దగ్గులు, కన్నీళ్ళు. ఎవరో "టాక్సిక్ గ్యాస్!" అని అరిచారు. అలారం మోగింది. ఈ బిల్డింగుని చూసి పక్క బిల్డింగు కూడా ఖాళీ అయి మంచులో నిలబడింది. ఫైరింజన్లు వచ్చాయి. లోపలికెళ్ళొచ్చిన ఫైర్‌మన్ మాస్కు తీసి, "విషవాయువేం లేదు. ఎవరో వంట మాడ్చారు" అన్నాడు.

యజ్ఞనారాయణగారికి అనుమానం వచ్చి భార్యకి ఫోన్ చేశారు. "ఝాన్సీ, పుస్తకాల వెనక సీసా..."

"అయ్యో, దొరికిపోయిందా! బీపీ మనిషి, కనిపిస్తే ఆగరని నల్లకారం అక్కడ దాచానండీ."

"మరి నా పొడి?"

"రిటైరైన రోజే ఎవరికో ఇచ్చేశారుగా. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు!"

ఆయన తలదించుకుని వాసంతికి విషయం చెప్పారు. వాసంతి పడీపడీ నవ్వి, మెల్లగా అంది. "నాకే ఇచ్చారు సార్. లోపల భద్రంగా ఉంది."

"మరి దాంతో పోల్చి చూసుకోవచ్చుగా? నన్నెందుకు పిలిచావు?"

"మా పొడి బాగానే ఉంది సార్. ఊరికే రమ్మంటే మీరు రారని..."

ఆయన కళ్ళు తుడుచుకుని, కారం ఘాటన్నారు. ఆమె కూడా అదే అంది.

ఇప్పుడు ప్రతి శుక్రవారం ఆయన ల్యాబ్‌కి వెళ్తున్నారు. గుమ్మం దగ్గర ల్యాబ్‌వాళ్ళు మాత్రం ఆయన సంచి వెతికాకే లోపలికి పంపుతున్నారు.