కాగితంలో లేని ముక్క

ఆ ఆదివారం పొద్దున్న రామూర్తి వేసుకున్న పథకంలో చెయ్యాల్సిన పని ఒక్కటే. సాయంత్రం నాటక పోటీల్లో వేదిక ఎక్కి, తను పెళ్ళాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదని రుజువు చెయ్యాలి. ఆయన టెక్కలిలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా, పలాసలో కాపురం, పాతికేళ్ళకి పైగా నాటకాల పిచ్చి. ఇన్నేళ్ళలో రాజుగా, రౌడీగా, తహసీల్దారుగా నానా వేషాలూ వేశాడు గానీ ఏ వేషం మీదా తన సంసారం ఆధారపడిన సందర్భం లేదు.

సంగతి ఇలా జరిగింది. నలభై ఒక్క రోజుల కిందట ఆయన వరండాలో కూర్చుని కొత్త నాటకంలోని తన మాటలు వల్లె వేసుకుంటున్నాడు. అందులో ఆయనది పెద్దన్న వేషం. ఉమ్మడి జీడితోట అమ్మేసిన తమ్ముణ్ణి ఇంట్లోంచి పంపేసే ఘట్టం అది. సరిగ్గా అప్పుడే ఆయన భార్య పార్వతి, కంచిలిలో తమ్ముడి ఇంట్లో వ్రతానికని సంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "ఎల్లొత్తానండీ" అంది. రామూర్తి కాగితంలోంచి తల ఎత్తకుండా, మంచి గంభీరమైన గొంతుతో, "వెళ్ళు. మళ్ళీ ఈ గడప తొక్కకు" అన్నాడు. ఎల్లొత్తానన్న మనిషికి "ఎల్లిరా" అనాలన్నది చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. తను ఏమన్నాడో ఆయనకి మూడో రోజుదాకా తెలియనే లేదు.

రెండు రోజుల్లో రావలసిన మనిషి రాకపోయేసరికి కంచిలికి ఫోన్ చేశాడు. బావమరిది బాబ్జీ ఎత్తాడు.

"గడప తొక్కొద్దన్నావంట కదా బావా. ఇంకేటొత్తాది?"

"అది డైలాగురా."

"మా అక్కేటి స్టేజీ మీదుందేటి, డైలాగు సెప్పడానికి?"

మాటలతో నమ్మించలేనని తెలిసి రామూర్తి ఒక తెలివైన పని చేశాడు. నాటకంలోని ఆ పేజీకి, ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, ఫోటో తీసి బాబ్జీకి వాట్సాప్‌లో పంపాడు. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "నోటితో అన్నది సాలక కాయితం మీద రాసి గూడా పంపినావేటి బావా. పైగా ఎర్ర సిరాతోనా?"

ఆ తరవాత పార్వతి ఒక్కసారి కూడా ఫోన్ ఎత్తలేదు. రామూర్తికి ఇల్లు బావురుమంటోంది. బియ్యం ఏ డబ్బాలో ఉన్నాయో వెతుక్కోవడం ఒక కష్టం కాదు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే "ఇంతసేపేటి" అని అడిగే మనిషి లేకపోవడం కష్టం. రోజూ ఏడు గంటలకి ఆవిడ చూసే సీరియల్ ఆయనే చూస్తున్నాడు. ఆవిడ తిరిగి వచ్చి, "ఇంతకీ ఆ కోడలు ఏటి సేసింది?" అని అడిగితే చెప్పాలి కదా. మరిచిపోతానేమోనని ఏ రోజు కథ ఆ రోజు నాటకం కాగితాల వెనకాల రాసి పెడుతున్నాడు. ఇరవై ఆరేళ్ళ కాపరంలో ఆ సీరియళ్ళని తిట్టని రోజు లేదు. ఇప్పుడు ఆ కోడలు ఏడిస్తే ఆయనకీ కళ్ళు చెమరుస్తున్నాయి.

చివరికి బాబ్జీని బతిమాలుకున్నాడు. "మీ అక్కని ఒక్కసారి నాటకానికి తీసుకురా. ఆ ముక్క స్టేజీ మీద తన చెవులతో తనే వింటే అనుమానం తీరిపోద్ది." బాబ్జీ ఆలోచించి, "సరే, ఆదివారం పాసింజరుకి తెత్తాను" అన్నాడు. మూడో వరసలో రెండు కుర్చీలు రామూర్తి తన కండువా పరిచి ఆపి ఉంచాడు.

మధ్యాహ్నం చివరి రిహార్సల్లో దర్శకుడు జయంత్ ఆ ముక్క కొట్టేశాడు.

జయంత్ విశాఖపట్నంలో నాటకం చదువుకుని వచ్చినవాడు. ఇక్కడివాళ్ళు నటిస్తూ నటిస్తూ ముందు వరసలో తెలిసినవాళ్ళు కనబడితే పలకరించడం, చప్పట్లు కొడితే దండం పెట్టడం చూసి బెంబేలెత్తి, వేదిక అంచున సుద్దతో గీత గీశాడు. "వేదిక మీద ఇంటికి మూడు గోడలున్నాయి కదా, నాలుగోది ఇదీ. జనం ఆ గోడ అవతల ఉంటారు. మీకు వాళ్ళు కనబడరు, మీరు వాళ్ళని చూడరు" అని అందరిచేతా ఒప్పించుకున్నాడు. ఇప్పుడేమో, "తమ్ముడు వెళ్ళిపోయేటప్పుడు మాటలు అక్కర్లేదండీ రామూర్తిగారూ. మీ మౌనమే మాట్లాడుతుంది" అన్నాడు.

"బాబూ, ఆ ఒక్క ముక్కా ఉంచండి. నా కాపరం దాని మీదే ఉంది" అన్నాడు రామూర్తి.

జయంత్ ముఖం వెలిగిపోయింది. "చూశారా, పాత్రలో ఎంత లీనమైపోయారో. ఆ బాధంతా లోపలే ఉంచుకోండి. బయటికి రానివ్వకండి."

సరే, అడిగి లాభం లేదు, సమయం వచ్చినప్పుడు అనేస్తే సరి అనుకున్నాడు రామూర్తి.

సాయంత్రం ఆరున్నరకి తెర లేచింది. హాలు నిండింది. కండువా పరిచిన రెండు కుర్చీలే ఖాళీ. పాసింజరు ఆలస్యం. ఘట్టం రానే వచ్చింది. తమ్ముడి వేషంలో ఉన్న బాలకృష్ణ, ఎలాగూ అన్నగారి డైలాగు లేదు కదా, తనకి అవతల పోస్టుమాన్ వేషంలోకి మారాల్సిన తొందరుంది కదా అని, సంచి భుజాన వేసుకుని చరచరా లోపలికి పోయాడు. వేదిక మీద రామూర్తి ఒక్కడే మిగిలాడు. మూడో వరస ఖాళీ.

ఆయన కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. తువ్వాలు మడత పెట్టాడు. మళ్ళీ విప్పి మడత పెట్టాడు. ఇంకో గ్లాసు తాగాడు. జయంత్ పక్క తెర వెనక నుంచి చూసి, ఇంత గొప్ప మౌనం తను ఎక్కడా చూడలేదని మురిసిపోతున్నాడు. మూడో గ్లాసు సగంలో ఉండగా హాలు తలుపు తెరుచుకుంది. ముందు బాబ్జీ, వెనక పార్వతి. ఆవిడ చిక్కిపోయింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆ చీర కొంగు చూడగానే రామూర్తికి ప్రాణం లేచి వచ్చి, ఆ సంతోషంలో, తమ్ముడు ఎప్పుడో వెళ్ళిపోయాడన్నది మరిచి, చెయ్యి చాచి, వేలు తలుపు వైపు చూపించి హాలు మారుమోగేలా అన్నాడు.

"వెళ్ళు. మళ్ళీ ఈ గడప తొక్కకు."

మూడు వందల తలలు ఆ వేలు చూపించిన వైపు తిరిగాయి. పార్వతి హాలు గడప మీద ఒక కాలు పెట్టి ఉంది. ఆ కాలు వెనక్కి తీసింది.

"ఇదేటి బావా, పిలిపించి మరీ అంటన్నావు?" అన్నాడు బాబ్జీ.

"నిన్ను కాదు పార్వతీ" అన్నాడు రామూర్తి. సుద్దగీత దాటి అంచుదాకా వచ్చేశాడు. పక్క తెర వెనక నుంచి జయంత్ "గోడ, గోడ" అని గుసగుసలాడుతున్నాడు. లైటు తిప్పే అతను ఇది కొత్తగా చేర్చిన ఘట్టం కాబోలనుకుని, వెలుతురంతా తెచ్చి పార్వతి మీద వేశాడు. దాంతో జనానికి ఉన్న కాస్త అనుమానమూ పోయింది. పెద్దన్న భార్య ప్రవేశించిందన్నమాట.

ముందు చాప మీద కూర్చున్న ఒక పెద్దతల్లి, జీడిపిక్కలు కొట్టే పనిలో ఉండే మనిషి, ఊరుకోలేకపోయింది. "ఓ నాయినా, ఆడమనిసిని గుమ్మంలో నిలబెట్టి మాటలాడతావేటి? నువ్వెల్లిపోకు తల్లీ. ఆడి మాటకేటి."

"అది డైలాగు పార్వతీ. తమ్ముడితో అనాల్సింది. ఒట్టు" అన్నాడు రామూర్తి.

"నాకు తెలీదేటి అది డైలాగని?" అంది పార్వతి.

బాబ్జీ నోరు తెరుచుకుని అక్క వైపు చూశాడు.

"నేనెల్లకముందు వారం రోజులు కూర కలుపుతా ఇన్నాను ఆ ముక్క. మీకంటే నాకే బాగొచ్చు."

"మరి ఎందుకు రాలేదు?"

"ఎల్లొత్తానని సెప్పినాను. తలెత్తి సూడలేదు మీరు. ఇరవయ్యారేళ్ళు బట్టి ఎవులో రాసిన మాటలు ఎంత బాగా సెప్తారో ఇంటన్నాను. నా కోసం సొంతంగా ఒక్క ముక్క సెప్తారేమోనని నలభయ్యొక్క రోజులు సూసినాను. మీరేమో కాయితం ఫొటో తీసి పంపినారు."

జీవితంలో ఏనాడూ డైలాగు మరిచిపోని మనిషికి ఒక్క మాటా తోచడం లేదు. ఆయన తడబాటు చూసి, పక్క తెర వెనక ప్రాంప్టరు అలవాటు కొద్దీ అందించాడు: "ధర్మం తప్పినవాడికి ఈ ఇంట చోటు లేదు." రామూర్తి చెయ్యి విసిరి అతన్ని ఊరుకోమన్నాడు.

"ఇంట్లో ఏటీ బాగోలేదు" అన్నాడు. అది రంగస్థలం గొంతు కాదు. వెనక వరసలవాళ్ళు వినడానికి ముందుకు వంగారు. "పొద్దున్న లేచి రెండు గ్లాసులు టీ పెడతన్నాను. రెండోది పారబోత్తన్నాను. ఒక్క గ్లాసే ఎలా పెట్టాలో తెలీడం లేదు. ఆవాళ ఎల్లిరా అనాల్సింది. అన్లేదు. ఇప్పుడంటన్నాను. నువ్వు లేకపోతే నాకేటీ తోచదు. వచ్చెయ్ పార్వతీ."

హాలంతా చప్పట్లు. వెనక నుంచి ఎవరో, పద్యం బాగా పాడినవాణ్ణి అడిగినట్టు, "వన్స్ మోర్" అని కేకేశారు. పెద్దతల్లి కూడా అందుకుంది. రామూర్తి ఏం చెయ్యాలో తెలియక పార్వతి వైపు చూశాడు.

"అనండి. అడగతన్నారు కదా" అంది పార్వతి.

ఆయన మళ్ళీ అన్నాడు. ఈసారి సగంలోనే ఆగిపోయి, తువ్వాల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పార్వతి గడప దాటి లోపలికి వచ్చి, మూడో వరసలో కండువా తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "మిగిలింది ఆడండి. అయ్యాక ఇంటికెల్దాం" అంది.

నాటకానికి మూడో బహుమతి వచ్చింది. పెద్దన్న ఏడ్చిన తీరు సహజంగా లేదని న్యాయనిర్ణేతలు రెండు మార్కులు తగ్గించారు.