తూకం తగ్గిన మంచివాడు

అబూ సుహైల్ పుస్తకం పోయింది మంగళవారం ఉదయం, మినీబస్సులో. డమాస్కస్ పాతబస్తీలో ఒక కాఫీ హోటలు ఎత్తు కుర్చీలో కూర్చుని ఆయన ఇరవై ఏళ్లుగా చదివి వినిపిస్తున్న వీరగాథ అది. దానికి గుడ్డ అట్ట కుట్టిన భార్య పోయి ఏడాదైంది. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. పుస్తకం పోయిన సంగతి మాత్రం హోటలు యజమాని అబూ ఫయాద్‌కు చెప్పక తప్పలేదు.

అబూ ఫయాద్ ఓదార్చాడు. రెండు రోజులు బల్లలు ఖాళీగా కనిపిస్తే ఆ కుర్చీ తీయించి అక్కడ టీవీ పెట్టిస్తానన్నాడు. ఆయన ఓదార్పు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

ఆ హోటల్లో కథ వినేవాళ్లలో వీరుడి పక్షం కుడి బల్లల మీద, శత్రువు పక్షం ఎడమ బల్లల మీద కూర్చుంటారు. నడుమ కూర్చునేవాణ్ని ఎవరూ నమ్మరు. గొంతులు లేస్తే దాహం వేస్తుంది, టీ అమ్ముడవుతుంది. పుస్తకంలో మంచివాడు పుట్టుకతోనే మంచివాడు, చెడ్డవాడు తుమ్మినా అపశకునమే. కాబట్టి ఎక్కడ కూర్చోవాలో ఎవరికీ ఎన్నడూ సందేహం రాలేదు.

పొద్దువాలి అసర్ నమాజు అయ్యాక అబూ సుహైల్ కుర్చీ ఎక్కాడు. చదవడానికి ఏమీ లేదు గనుక పొద్దున వీధిలో చూసిందే కథగా చెప్పాడు. ఒక రొట్టెలవాడు ప్రతి రొట్టెలోనూ కాస్త పిండి తగ్గిస్తాడు. ఆ మాట వినగానే కంచరి అబూ మర్వాన్ టీ గ్లాసుతో సహా ఎడమకు నడిచాడు, వెనకే పదిమంది. అలా మిగిల్చిన పిండితో ఆ రొట్టెలవాడు రోజూ నాలుగు రొట్టెలు కాల్చి, మనవలను సాకుతున్న ఒక ముసలి వితంతువుకు మూటగట్టి ఇస్తాడు. పదిమందీ కుడికి వచ్చేశారు. అది జనం పిండే కదా అని ఒకడికి తట్టింది. సగంమంది వెనుదిరిగారు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఢీకొని టీ పళ్లెం బోర్లాపడింది. హుక్కా నిప్పు జారి తివాచీ కాలింది.

అబూ మర్వాన్ తడిసిన అంగీ పిండుకుంటూ అడిగాడు. "ఒక్క మాట చెప్పన్నా. వాడు మంచోడా, చెడ్డోడా? నేనెక్కడ కూలబడాలి?"

"రేపు చెప్తా," అన్నాడు అబూ సుహైల్. ఆయనకూ తెలియదు మరి.

కథలో పేరు లేదు. కానీ ఆ వీధిలో ఉన్నది ఒక్కటే రొట్టెల బట్టీ. బుధవారం తెల్లారేసరికి అబూ మర్వాన్ త్రాసు పట్టుకుని అబూ రషీక్ బట్టీ ముందు నిలబడ్డాడు. అతని వెనక వీధి వీధంతా ఉంది. రొట్టె మీద వాళ్లకేమీ అనుమానం లేదట, కథలో నిజమెంతో తేల్చుకోవాలని వచ్చారట. సాహిత్యమంటే ఆ వీధికి అంత శ్రద్ధ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

అబూ రషీక్ సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఆ పూటే తూకం సరిచేశాడు. రొట్టె నిండుగా వచ్చింది. పిండి మిగల్లేదు.

గురువారం సాయంత్రం హోటలు కిక్కిరిసింది. కథలోని వితంతువు, అంటే ఉమ్మ్ రాతిబ్, గుమ్మం అవతలే నిలబడి అబూ సుహైల్‌తో మాట్లాడింది.

"చూడు నాయనా, ఆయన దొంగగా ఉన్నన్నాళ్లూ నా మనవలు తిన్నారు. నీ పుణ్యమా అని మంచివాడయ్యాడు. నిన్నటి నుంచీ మా పొయ్యి మీద ఉత్త నీళ్లే మరుగుతున్నాయి. ఎలా చెడగొడతావో నాకు తెలీదు, ఆయన్ను మళ్లీ చెడగొట్టు."

రెండు వైపుల బల్లలూ ఒక్కసారే లేచాయి. రొట్టెలవాడే మంచివాడని కొందరు, కాదు కథ చెప్పినవాడే చెడ్డవాడని కొందరు. ఆమెకు రొట్టె ఎవరివ్వాలన్న దాని మీదా రెండు పక్షాలు ఏర్పడ్డాయి. టీ కాచేవాడికి తల ఎత్తే తీరిక లేదు.

రొట్టెలవాడు మంచివాడని తేల్చేస్తే చాలని అబూ సుహైల్‌కు తెలుసు. ఆ మాట పట్టుకుని అబూ రషీక్ ధైర్యంగా మళ్లీ పిండి తగ్గిస్తాడు. అబూ సుహైల్ నోరు తెరిచాడు. అంతలో అబూ ఫయాద్ వచ్చి చెవి దగ్గర వంగాడు.

"తేల్చావో, రేపే టీవీ వస్తుంది పెద్దాయనా. తేలనన్నాళ్లూ కుర్చీ నీదే."

అబూ సుహైల్ గుమ్మం వైపు చూశాడు, కుర్చీ చేతుల వైపు చూశాడు. గొంతు సవరించుకుని, మిగతాది రేపు అన్నాడు.

ఆ రేపు రాకుండానే పదకొండు రోజులైంది. ఎవరు మంచివాళ్లో తేలక హోటలువాళ్లు అదనంగా బల్లలు తెప్పించారు. ఉమ్మ్ రాతిబ్‌కు నాలుగు రొట్టెలు మూటగట్టే పని మాత్రం ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు.