ముసలావిడ ఫోటోకి తగిన లెన్సు

ఇంట్లోకి ఒక కెమెరా కొనాలన్న తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందిన నాటికి ముసలావిడ నోట్లో ఏడు పళ్లున్నాయి. ఈ సంగతి మొదట్లోనే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే తర్వాత జరిగిన మహత్తర కృషికి తేదీలు ఎవరూ రాసిపెట్టలేదు. పళ్ల లెక్క ఒక్కటే మిగిలింది.

తీర్మానానికి మూలం ఆవిడే. ఒక మధ్యాహ్నం పాత ఆల్బం తిరగేస్తూ, అరవై ఏళ్ల ఫోటోల్లో తన ముఖం ఎక్కడా లేదని కనిపెట్టింది. ఒకదాంట్లో మోచెయ్యి ఉంది. ఇంకోదాంట్లో బిడ్డను ఎత్తి పట్టుకున్న రెండు చేతులున్నాయి. మిగతావి తీసినప్పుడు వంటింట్లో ఉండి ఉండాలి.

"ఒరేయ్ నాయనా, ఈ ఇంట్లో నేనూ ఉన్నానని తెలిసేలా ఒక్క ఫోటో తియ్యరా. నవ్వుతూ ఉన్నది. ఈ కాసిని పళ్లూ ఊడకముందే" అంది కొడుకుతో.

కొడుకు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కొట్లో కాటా గింజంత అటూ ఇటూ ఊగినా సీలు వేసే మనిషి. కూరలో ఉప్పు సరిపోయిందని కూడా నోటిమాటగా ఒప్పుకున్న పాపాన పోలేదు. అమ్మ అడగక అడగక అడిగిన కోరిక కదా, అల్లాటప్పాగా తీర్చకూడదని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు. ఆవిడ కళ్లు చెమర్చాయి. అతనికీ చెమర్చాయి. అంత ప్రేమ లేకపోయి ఉంటే ఫోటో ఆ సాయంత్రమే అయిపోయేది.

"ఏవండీ, నా ఫోనుతో ఒకటి తీసేస్తే పోదూ?" అంది భార్య. కట్టెల కాటాలో బంగారం తూచమన్నట్టు చూశాడు ఇన్‌స్పెక్టరు. ఆమె ఫోను పక్కన పెట్టేసింది.

సాంకేతిక సలహా కోసం వీధి చివరి పళ్ల డాక్టరును ఆశ్రయించారు. ఆయన ఊరి కెమెరా సంఘానికి అధ్యక్షుడు కూడా. ఆయనకు పదకొండు లెన్సులున్నాయి. తేమ తగలకుండా వాటిని గాజు బీరువాలో పెట్టి, ఆదివారాలు బయటినుంచి చూసుకుంటాడు. ముసలావిడ చేత నోరు తెరిపించి, టార్చి వేసి చూసి, గంభీరంగా సెలవిచ్చాడు.

"డాక్టరుగా అడిగితే ఈ రెండూ రేపే పీకెయ్యాలంటాను. సంఘం అధ్యక్షుడిగా అడిగితే, లెన్సు కుదిరేదాకా కదపొద్దంటాను. ఇంకో మాట. కెమెరా అంటే ఫోటో ఒక్కటే కాదండీ, వీడియో సంగతి కూడా చూసుకోవాలి. మామ్మగారు గంటసేపు కదలకుండా కూర్చున్నారనుకోండి, ఆ కదలకపోవడాన్ని సెకనుకి అరవై బొమ్మల చొప్పున పట్టుకోగలగాలి!"

ఈ ప్రసంగం ఇన్‌స్పెక్టరు మనసుకు బాగా పట్టింది.

లోపల అద్దం ఉండే పాతరకం కెమెరా మేలా, అద్దం తీసేసిన కొత్తరకం మేలా అన్న చర్చలో ఒక పన్ను పోయింది. లోపల బొమ్మను పట్టుకునే సెన్సరు చిన్నదా పెద్దదా అన్నదానికి ఇంకొకటి. చివరికి పెద్ద సెన్సరుతో అద్దం లేని కెమెరా ఇంటికి వచ్చింది. లెన్సు మాత్రం లేదు. హాల్లో బల్ల మీద కెమెరా అలా నోరు తెరుచుకుని కూర్చోగా, ఫోటో పెట్టాల్సిన ఫ్రేము ముందే వచ్చి గోడెక్కింది. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఇలాంటి ముందుచూపు గలవాళ్ల గురించే పుట్టింది.

ఇక లెన్సులు. జూమ్ లెన్సయితే ఉన్నచోటే నిలబడి దగ్గరకు లాక్కోవచ్చు. జూమ్ లేనిదయితే మనిషే ముందుకూ వెనక్కూ నడవాలి, బదులుగా బొమ్మ నిక్కచ్చిగా వస్తుంది. ముసలావిడ కుర్చీకీ ఎదుటి గోడకీ మధ్య ఉన్నది తొమ్మిది అడుగులు. అయినా దూరాన ఎగిరే పక్షులను తీసే లెన్సును కూడా పరిశీలనార్థం తెప్పించారు. "రేపు అమ్మ వీధి చివర కూర్చుంటానంటే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ లెన్సూ జాబితాకెక్కింది.

పైగా ఏ లెన్సు మీది అంకెనూ అతను నమ్మలేదు. యాభై మిల్లీమీటర్లని రాసి ఉన్నది కొలిస్తే యాభై ఒకటిన్నర తేలింది. వృత్తిధర్మం ఊరుకుంటుందా! సంజాయిషీ చెప్పుకోవలసిందిగా తయారీదారుకు నోటీసు పంపాడు. జవాబు కోసం ఎదురుచూడడంలో మరో పన్ను పోయింది.

అసలు పరీక్షలు ఎదురింటి ఇటుక గోడ మీద జరిగాయి. లెన్సు అంచుల్లో బొమ్మ అలుక్కుపోతోందో లేదో తేల్చడానికి ఇటుక గోడను మించింది లేదని సంఘం సిద్ధాంతం. అధ్యక్షుడూ ఇన్‌స్పెక్టరూ కలిసి ఆ గోడను రెండు వేల పైచిలుకు ఫోటోలు తీశారు. ఎండలో గోడ, మబ్బులో గోడ, గోడ వీడియో. తన గోడకు పట్టిన ఈ వైభవం చూసి ఎదురింటాయన ఉబ్బితబ్బిబ్బై, దానికి నున్నగా సిమెంటు పూయించి రంగు వేయించాడు. ఒక్క ఇటుకా కనిపించకుండా పోయింది. పరీక్షలన్నీ మరో వీధిలో, మరో గోడ మీద మొదటికొచ్చాయి. ఈలోగా ఏకంగా మూడు పళ్లు పోయాయి.

"గోడని తీసిన చేత్తోనే నన్నూ ఓసారి తియ్యకూడదట్రా?" అంది ముసలావిడ.

"తొందరపడకమ్మా. గోడంటే ఎలా వచ్చినా పర్లేదు. నువ్వు సరిగ్గా రావాలి" అన్నాడు కొడుకు.

ఆ మాటలో ఎంత ప్రేముందో ఆవిడకు తెలుసు. తెలుసు కనకే వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఒక్క పన్ను మిగిలి ఉండగా సంఘం ఎట్టకేలకు లెన్సును ఖరారు చేసింది. మర్నాడు పొద్దున్నే ముసలావిడ ఉతికిన చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఇన్‌స్పెక్టరు మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, అది ఒరిగిందేమోనని మట్టం పెట్టి చూశాడు. లెన్సు కొసనుంచి అమ్మ ముక్కు కొసదాకా టేపు పట్టి కొలిచి, కాగితం మీద రాసుకుని, అనుమానం వచ్చి మళ్లీ కొలిచాడు. డాక్టరు వెలుగు సరిగ్గా పడాలని తెల్ల దుప్పటి ఎత్తి పట్టుకుని రెండున్నర గంటలు నిలబడ్డాడు. అప్పుడు ఆవిడ ఉన్నట్టుండి పకపకా నవ్వింది. ఇన్‌స్పెక్టరు బటను నొక్కాడు.

ఫోటో అద్భుతంగా వచ్చింది. ఈ మాటలో వెటకారం లేదు. ముఖంలో ప్రతి ముడతా, కంట్లో తడీ, ఆ ఒంటి పన్నూ అన్నీ ఉన్నాయి. దాన్ని చూసి ఇన్‌స్పెక్టరు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఫోటోను ఫ్రేములో పెట్టారు. వార్త పాకింది. సంఘం సభ్యులూ, చుట్టపక్కాలూ, తూనికల శాఖ సిబ్బందీ తండోపతండాలుగా వచ్చారు. ముసలావిడ సరిగ్గా దాని కిందే కుర్చీ వేయించుకుని కూర్చుంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే "ఏ లెన్సు?" అని అడిగారు. వెనక గోడ మసకబారి వెన్నలా కరిగిపోయిందన్నారు. రంగులు మెచ్చుకున్నారు. ఒక పెద్దమనిషి ఫ్రేముకు ముక్కు ఆనించి, పన్ను అంచు ఎంత పదునుగా పడిందో చూసి, ఇన్‌స్పెక్టరుకు రెండు చేతులూ జోడించాడు.

"అది నేనే నాయనా" అంది ముసలావిడ కిందనుంచి.

"అలాగా మామ్మగారూ! కాస్త ఆ కుర్చీ పక్కకి జరుపుకుంటారా? అడ్డమొస్తున్నారు" అని, ఆయన ఫోను తీసి ఆ ఫోటోని ఫోటో తీసుకున్నాడు.

పాఠక మహాశయులు నవ్వుకుంటున్నట్టున్నారు. నవ్వండి, తప్పులేదు. కానీ ఇంత కథ చెప్పినవాడు ఖరారైన లెన్సు ఎన్ని మిల్లీమీటర్లదో చెప్పలేదేమిటా అని మీకూ లోపల్లోపల గుంజాటన ఉండే ఉంటుంది. చెబుతాను, ఎనభై అయిదు. ఆవిడ ఆవేళ దేనికి నవ్విందో మాత్రం వచ్చినవాళ్లు అడగలేదు, కొడుకు అడగలేదు, మీరూ అడగలేదు.