మాంగాయ జాడీలో వాల్వు

పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పదింటి మీటింగులో మెరిసే వాల్వుకు సంతకం పెట్టి రావాలన్నది మునిశేఖర్ పథకం. సూళ్లూరుపేట దగ్గర రసాయనాల ఫ్యాక్టరీలో కొనుగోళ్లు చూసే అతనికి తొలిసారిగా సొంత నిర్ణయం అప్పగించారు. యాసిడ్ ట్యాంకులో ఒత్తిడి పెరిగితే బయటికి వదిలే పాత వాల్వును ఆ యాసిడే తినేసింది. కొత్తది తప్పుగా ఎంచితే ట్యాంకు పగులుతుంది, కింద పనిచేసేవాళ్ల ఒళ్లు కాలుతుంది. వచ్చిన నమూనాలు రెండు. ఒకటి లోపల యాసిడ్ అంటని టెఫ్లాన్ పొర వేసిన నల్లటి మొద్దు, రెండోది పెళ్లికొడుకులా తళతళలాడేది. మునిశేఖర్ మనసు పెళ్లికొడుకు మీదికే పోయింది.

తీరా చూస్తే, ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టుకున్న పెళ్లికొడుకు లేడు.

"అమ్మా, ఈడ పెట్టిన వాల్వు యాడికి పాయె?"

"ఆ బరువుదా? ఉప్పులో మాంగాయ ముక్కలు తేల్తా ఉండాయని జాడీలో పెట్టినాను," అంది కుప్పమ్మ. "నాలుగు దినాలైంది. ఇప్పుడారా సూసుకునేది?"

మామిడికాయ ఉప్పూటలోంచి బయటికి తీస్తే ఒళ్లంతా తుప్పు మచ్చలు. మునిశేఖర్‌కు ఏడుపొక్కటే తక్కువ. చింతపండు పెట్టి తోమాడు. మిగిలిన కాస్త మెరుపూ ఊడిపోయింది. కొరివితో తల గోక్కున్నట్టయింది.

దారిలో పాత్రలకు కళాయి పూసే చిన్నబ్బ దొరికాడు.

"దీనికి కళాయి పూయప్పా, బిన్నా! మీటింగుకు టైమైతా ఉండాది."

"పూస్తాలే, తొందరెందుకు. దీంట్లో ఏమి వండుతారప్పా?"

"నా ఉద్యోగం!"

మీటింగులో ఆ వాల్వు అద్దంలా మెరిసింది. దాన్ని అమ్మే కంపెనీ సేల్స్‌మన్ మోహన పొంగిపోయాడు.

"సూడండి సార్ ఆ మెరుపు! ఆరు నెలలు యాసిడ్‌లో ముంచి తీసినాం. గీత కూడా పడలేదు!"

మేనేజర్ జయరావు కలం అందించాడు. ఒక్క సంతకంతో గండం గడిచిపోతుంది. కానీ ట్యాంకు నీడలో టిఫిన్ డబ్బాలు విప్పుకునే కూలీలు మునిశేఖర్ కళ్లముందు మెదిలారు. భయమేసింది, దానికన్నా ఎక్కువ సిగ్గేసింది.

"సార్, అది పొద్దున నేను పూయించిన కళాయి. మా అమ్మ మాంగాయ జాడీలో నాలుగు దినాలకే తుప్పు పట్టిపోయినాది," అని కక్కేశాడు.

మోహన తడుముకోలేదు. "మా గ్యారంటీ యాసిడ్‌కే సార్. ఊరగాయకు లేదు."

ఉద్యోగం ఊడిందనుకుని మునిశేఖర్ తల దించుకున్నాడు. జయరావు మాత్రం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, నల్ల మొద్దును అతని ముందుకు జరిపాడు.

"దీని యాసిడ్ పరీక్షలు నేను సూసినాను, బాగుండాయి. అయినా నాలుగు దినాలు మీ జాడీలో పెట్టి తీసుకురాప్పా. ఆ తర్వాత సంతకం పెడుదువు."

కుప్పమ్మ మాత్రం, పాడైన మాంగాయలకు బదులు కొత్తవి వస్తే తప్ప ఏ పరీక్షకూ జాడీ ఇచ్చేది లేదంది.